రెండో షోరూమ్ వద్దన్న జ్ఞానప్రసూన గారికి

పందొమ్మిది వందల తొంభై నాలుగవ సంవత్సరం జూలై నాలుగవ తేదీ సోమవారం ఉదయం, జగ్దల్‌పూర్ పట్టణంలోని కాంగేర్ మోటార్స్ సంస్థలో క్యాషియర్‌గా చేరిన శ్రీమతి చెన్నూరి జ్ఞానప్రసూన గారు, ముప్పై ఒక్క సంవత్సరాల అవిశ్రాంత సేవానంతరం, జనరల్ మేనేజర్ హోదాలో, ఈ సెప్టెంబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వాక్యం రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. ఎందుకంటే ఈ ప్రత్యేక సంచిక వారి పదవీ విరమణ కోసం తలపెట్టినది కానే కాదు. మా వెల్మార్ కార్ల రెండో షోరూమ్ దంతెవాడలో ప్రారంభమవుతున్న శుభసందర్భంలో, దానికి డైరెక్టరుగా మరో మూడేళ్లు కొనసాగబోయే మేడం గారికి శుభాకాంక్షలు తెలపడానికి తలపెట్టినది. అట్ట కూడా అచ్చయిపోయింది. కనుక అట్ట మీద రెండు షోరూముల బొమ్మలు చూసి పాఠకులు కంగారు పడవద్దు. ఉన్నది ఒక్కటే. రెండోదాన్ని పుట్టకుండా ఆపింది సాక్షాత్తూ మేడం గారే!

సర్వీస్ విభాగం చూసుకునే నేను, బొల్లం చక్రధర్, చీటికీ మాటికీ నోరు తెరుస్తానని ఆఫీసులో అందరూ ఆటపట్టిస్తారు. "ఏంది చక్రీ, మళ్లా ఏం కొంప మునిగింది?" అనేది మేడం గారు నన్ను పలకరించే పద్ధతి. ఈసారి మాత్రం నన్ను ఆటపట్టించిన వారందరి నోళ్లూ తెరుచుకున్నాయి, ఇంకా మూతపడలేదు. సంచికలోని మిగతా వ్యాసాలన్నీ హిందీలో ఉన్నాయి. భోపాలపట్నంలో ఉంటున్న మేడం గారి అక్కగారు తెలుగు తప్ప చదవరు గనుక, ఆవిడకు జరిగింది జరిగినట్టు తెలియాలి గనుక, ఈ ఒక్కటి తెలుగులో రాస్తున్నాను.

భోపాలపట్నంలో కిరాణా దుకాణం నడిపే కుటుంబంలో జన్మించిన జ్ఞానప్రసూన గారు, బడిలో హిందీని, ఇంట్లో తెలుగును, దుకాణం గల్లాపెట్టె దగ్గర గోండీని, దోర్లీని నేర్చుకున్నారు. వివాహానంతరం జగ్దల్‌పూర్ వచ్చి హల్బీ కూడా పట్టేశారు. వారు చేరిన నాటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమే ఏర్పడలేదు. మా సంస్థ అప్పుడు ట్రాక్టర్లు, జీపులు అమ్మేది. కోంటా వైపు నుంచి వచ్చిన రైతులు ట్రాక్టరు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసి, హిందీలో ఏమడగాలో తోచక క్యాష్ కిటికీ దగ్గరికి వచ్చి మేడం గారిని దోర్లీలో అడిగేవారట. కొన్నాళ్లకు కిటికీ దగ్గర వరస పెరిగి, షోరూమ్‌లో సేల్స్‌మన్లు ఈగలు తోలుకోసాగారు. అది గమనించిన అప్పటి యజమాని గారు వారిని అమ్మకాల విభాగంలోకి మార్చారు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ఎదిగి, ప్రస్తుత యజమాని శ్రీ రాజ్‌కుమార్ గారి హయాంలో వారు జనరల్ మేనేజర్ అయ్యారు.

రెండు వేల పంతొమ్మిదిలో రాజ్‌కుమార్ గారు వెల్మార్ లగ్జరీ కార్ల డీలర్‌షిప్ తెచ్చారు. ఆ కబురు విన్న రోజు నాకు తల తిరిగిపోయింది. ట్రాక్టరు ట్రాలీలు కడుక్కునే చోట, ఇల్లంత ఖరీదు చేసే కార్లా? వాటిని కొనేదెవరు, ఆ బాడీని మా రోడ్లు బతకనిస్తాయా? గాజు గోడలు లేపారు, తోలు సోఫాలు దింపారు, కొత్త కారు తీసుకునే వారి చేత కేకు కోయించి తాళం ఇప్పించడానికి ప్రత్యేకంగా ఒక అద్దాల గది కూడా కట్టారు. వెల్మార్ కంపెనీ నిబంధనల ప్రకారం కారు బానెట్‌ను ఫలానా రకం మెత్తటి గుడ్డతో తప్ప తాకకూడదు. ఆ నిబంధన చదివి మేడం గారు చాలాసేపు నవ్వారు.

ఆ నవ్వు ఎందుకో మొదటి కారు అమ్మిన రోజున తెలిసింది. కొన్నవారు భోపాలపట్నంలో చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారం చేసే శ్రీ రామారావు గారు. కేకు సిద్ధంగా ఉంది, ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. రామారావు గారు మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మవారు చూడకముందే తాళం నేనెట్ల పట్టుకుంట బిడ్డా? నాతోటి గాదు."

"మరి ఏం జేద్దామంటవ్ కాకా?"

"బండి నువ్వు తోలుకరా. నేను నా పాత జీపుల ఎనక వస్త. దంతెవాడల అమ్మకు చూపించినంక నువ్వే నా చేతుల పెట్టు."

నేను నోరు తెరిచాను. మేడం గారు వెళ్లి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. సీట్ల ప్లాస్టిక్ తొడుగు కూడా తీయని ఆ కారు ముందు, పొగలు కక్కే ఆ ముసలి జీపు వెనక, జగ్దల్‌పూర్ జనమంతా ఆగి చూశారు. దంతేశ్వరి అమ్మవారి గుడి ముంగిట చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. రామారావు గారు ఆ పవిత్రమైన బానెట్ మీద నూనెలో కలిపిన కుంకుమతో, తన అరచేతి వెడల్పున స్వస్తిక్ గీశారు. ఆ తరువాతే తాళం చేతులు మారింది. యజమాని ఫోన్‌ను కారుకు జతపరిస్తే గాని డెలివరీ పూర్తయినట్టు కాదన్నది కంపెనీ నియమం గనుక, మేడం గారు ఆ పని కూడా అక్కడే, గుడి ముందరే కానిచ్చేశారు.

అంతే, అదే ఆనవాయితీ అయింది. సుక్మా నుంచి వచ్చినా, బీజాపూర్ నుంచి వచ్చినా, మా పక్కవీధిలో ఉన్నా సరే, కొన్న ప్రతివారూ "మాకు కూడా రామారావు గారికి చేసినట్టే" అన్నారు. కారు మేము తోలుకుపోవడం, వారు పాత బండిలో వెనక రావడం, పూజ కాగానే తాళమూ ఫోను జతా అక్కడే జరగడం మా పద్ధతయింది. అద్దాల గదిలో ఇప్పుడు పాత టైర్లు పెట్టుకుంటున్నాము.

ఇంతలో వెల్మార్ అమ్మకాలు దేశమంతటా ఏటికేడూ పెరుగుతూ వచ్చాయి. పెరుగుతున్న లగ్జరీ బ్రాండుకు ఎన్ని డీలర్‌షిప్‌లు ఉండాలన్న ప్రశ్న ముంబయి కార్యాలయంలో మొదలైంది. తక్కువైతే కొన్నవాడు చిన్న మరమ్మతుకు కూడా పొద్దంతా ప్రయాణం చేయాలి, విసిగి మరో కంపెనీ కారు కొంటాడు. ఎక్కువైతే ఒకే కారును ఇద్దరు డీలర్లు పోటీపడి చవకగా అమ్మి ఇద్దరూ నష్టపోతారు. వర్క్‌షాపులో బండ్లను పైకెత్తే లిఫ్టులు ఖాళీగా ఉంటాయి, మెకానిక్కులు ఇంటికి పోతారు. ఈ రెండు వైపులా చూసుకుంటూనే, దక్షిణాన కోంటా, భోపాలపట్నం వారి అవస్థ పోగొట్టడానికి ఎప్పటికైనా ఇంకో షోరూమ్ తెరిపించాలని మేడం గారు ఏళ్ల తరబడి కోరుకుంటున్నారు. కనుక దంతెవాడకు రెండో డీలర్‌షిప్ మంజూరైందని, దానికి వారే డైరెక్టరని తెలిసినప్పుడు మా అందరికంటే ఎక్కువ సంబరపడినది వారే. స్వయంగా బాలూషాహీ మిఠాయిలు తెప్పించి వర్క్‌షాపులో పంచారు.

వర్షాలు మొదలయ్యే ముందు, డీలర్‌షిప్‌ల విభాగం అధిపతి శ్రీ ప్రకాష్ గారు సంతకాల నిమిత్తం ముంబయి నుంచి వచ్చారు. గోడ మీద బస్తర్ పటం వేసి చూపించారు. వెల్మార్ కారు ఎక్కడ మొదటిసారి యజమాని ఫోన్‌తో జతపడుతుందో అక్కడ పటంలో ఒక ఎర్ర చుక్క పడుతుంది. జగ్దల్‌పూర్ మీద చుక్క లేదు. పక్కనే ఉన్న నగర్‌నార్ మీద లేదు. కోంటా, భోపాలపట్నం బోసిగా ఉన్నాయి. చుక్కలన్నీ దంతెవాడలో ఒకే చోట, శంఖిని డంఖిని నదులు కలిసే దగ్గర, కుప్పపోసినట్టున్నాయి.

"చిరునామాలు జనం ఏవేవో రాస్తారు," అన్నారు ప్రకాష్ గారు. "కారు మొదట ఎక్కడ కళ్లు తెరిచిందో అదే నిజం. మీ కస్టమర్లందరూ దంతెవాడలో ఉంటే మీరు జగ్దల్‌పూర్‌లో కూర్చున్నారు!"

కనుక ఇక్కడి వర్క్‌షాపును సగానికి కుదించి, లిఫ్టులు అక్కడికి తరలించి, అక్కడ కొత్తవారిని తీసుకుంటామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చుక్కల కుప్ప ఏమిటో నా బుర్రకు తట్టనే లేదు. మేడం గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మంచినీళ్లు తాగి, "సార్, సంతకాలు రేపు సాయంత్రం పెట్టుకుందాం. పొద్దున ఒక డెలివరీ ఉంది, మీరు కూడా రండి," అన్నారు.

మర్నాడు కొత్త కారును మేడం గారే నడిపారు. పక్క సీట్లో నేను. ప్రకాష్ గారు వెనక, కొన్నవారి బండిలో వస్తున్నారు. దారిలో మేడం గారు నాకు ఆ చుక్కల గుట్టు విప్పి, ప్రకాష్ గారికి కూడా చెప్పేస్తానన్నారు.

"అయ్యో మేడం! మీరు నోరు విప్పకండి," అన్నాను. "పటం వాళ్లు వేసుకున్నారు, తప్పు వాళ్లది. మీకు మూడేళ్లు కొలువుంటుంది. చెబితే షోరూమూ పోతుంది, దాంతోపాటు మీ కొలువూ పోతుంది."

"తెల్వదా నాకు?"

"తెలిసి కూడానా?"

"చక్రీ, కార్లు ఎన్నున్నయో అన్నే ఉన్నయి. ఇంకో షోరూమ్ తెరిస్తే కొనేటోళ్లు ఆకాశం నుంచి ఊడిపడతరా? దంతెవాడల లిఫ్టులు ఖాళీగ ఉంటయ్. ఈడ మన మెకానిక్ మంగ్లూ వాళ్లు సగం మంది రోడ్డున పడతరు. నేను ఆడ కుర్సీల కూసొని ఏం జూడాలె, పోయిన బండ్లనా?"

నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. మూడేళ్లంటే మాటలా? అయినా వారు వినలేదు.

ఆ రోజు కారు కొన్నవారు నగర్‌నార్‌లో కాంట్రాక్టు పనులు చేయించే శ్రీమతి రాధ గారు. అమ్మవారి దర్శనానికి ప్రకాష్ గారు కూడా ఉత్సాహపడ్డారు. అక్కడ మగవారు ప్యాంటుతో లోపలికి వెళ్లడానికి వీల్లేదు గనుక ఆయనకు ధోవతి కట్టించాము. ఆయన బెల్టు నా భుజం మీద, ట్యాబ్ నా చేతిలో. పూజ ముగిసింది. నిమ్మకాయలు చక్రాల కింద నలిగాయి. మేడం గారు రాధ గారి చేతిలో తాళం పెట్టి, ఫోను జతపరిచారు. అదే క్షణాన నా చేతిలోని ట్యాబ్ మీద, కుప్ప పక్కన, ఇంకో ఎర్ర చుక్క పడింది.

ధోవతి కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని ప్రకాష్ గారు ఆ చుక్కను చూశారు. రాధ గారు కారెక్కి, చెయ్యూపి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

"మేడం జీ, ఆవిడ ఎక్కడికి వెళ్తున్నారు?"

"వాళ్లింటికి సార్. నగర్‌నార్‌కి."

"మరి ఈ చుక్క?"

"చుక్క ఇక్కడనే ఉంటది. తతిమ్మా చుక్కలన్నీ ఇసుంటివే. మొక్కు తీర్చుకొని ఎవరి ఊరికి వాళ్లు పోయిండ్రు."

అంతటి అధికారి, ఆ ధోవతితో, గుడి బయట అరుగు మీద చతికిలబడ్డారు. నేను పరుగెత్తి నీళ్లు తెచ్చాను. ఆయన తాగలేదు. "ఇవన్నీనా? ఒక్కటి కూడా దంతెవాడది కాదా?" అని రెండుసార్లు అడిగారు. దంతెవాడవి రెండో మూడో ఉన్నాయని మేడం గారు నిజాయితీగా చెప్పారు. తాళాలు ఇక్కడ ఇవ్వడం మొదలుపెట్టింది తామేనని, ఫోను కూడా ఇక్కడే జతపరిస్తే ముంబయిలో ఏమనుకుంటారో తమకు తట్టలేదని, పటం పాడైన పాపంలో తమకూ వాటా ఉందని కూడా చెప్పారు.

"మేడం జీ, మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. మీ డైరెక్టర్ పదవి…"

"ఎరికే సార్."

ఆయన కుచ్చిళ్లు సర్దుకుని అడిగారు: "అయితే బస్తర్‌కు ఎన్ని కావాలి?"

"షోరూమ్ ఒక్కటి చాలు. కొనడానికి మనిషి ఒక్కసారే వస్తడు, ఎంత దూరమైనా వస్తడు. మరమ్మతుకే మాటిమాటికి రావాలె, ఆడనే పానం విసుగుతది. రెండు సర్వీస్ వ్యాన్లు ఇయ్యండి. ఒకటి కోంటా దిక్కు, ఒకటి భోపాలపట్నం, తర్లగూడ దిక్కు తిరుగుతది. బండి కాడికి మా మంగ్లూనే పోతడు."

ఆ సాయంత్రం సంతకాలు జరగలేదు. రాజ్‌కుమార్ గారు విషయం విని, తల పట్టుకుని, ఆనక లేచి వచ్చి మేడం గారికి నమస్కరించారు. ఖాళీ షోరూమ్ కట్టి మునిగిపోకుండా కాపాడారన్నారు. కొద్ది రోజులకు ప్రకాష్ గారు ఫోన్ చేసి చెప్పిన సంగతి విని మా అందరికీ మతిపోయింది. బస్తర్‌లో చూసిన అనుమానంతో దేశపటమంతా తిరిగి వెతికితే, ఇంకా ఎన్నో పుణ్యక్షేత్రాల ముంగిట ఇలాంటి చుక్కల కుప్పలే బయటపడ్డాయట! ఆ ఊళ్లన్నిటికీ డీలర్‌షిప్‌లు ఇవ్వబోయి ఆగారట! ఎన్ని డీలర్‌షిప్‌లు కావాలో ముంబయి వారు ఇప్పుడు మొదటి నుంచి ఆలోచిస్తున్నారు.

వ్యాన్లు మంజూరయ్యాయి. డైరెక్టర్ పదవి రద్దయింది. వయఃపరిమితి దాటిన జనరల్ మేనేజర్‌ను కొనసాగించే నియమం మా సంస్థలో లేదు, దాన్ని తమ కోసం సడలించవద్దని మేడం గారే అన్నారు. వారు బాధపడలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక మధ్యాహ్నం ఆ అద్దాల గదిలో, పాత టైర్ల మధ్య, ఒక్కరే కూర్చుని కనిపించారు. "ఇంకో మూడేండ్లు చేద్దామనుకున్న చక్రీ. ఇంటికాడ పొద్దు పోతదా నాకు?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. వారి కుమార్తె అపర్ణ ఫోన్ చేసి, "అంకుల్, అమ్మ మూడేళ్లు ఉంటానంది కదా, ఏమైంది?" అని అడిగితే, సంచికలో రాస్తానమ్మా అన్నాను. ఇదిగో రాశాను.

మా ప్రధాన మెకానిక్ శ్రీ మంగ్లూకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. గ్రీజు చేతులతోనే పై అంతస్తుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"లిఫ్టు పోతదనుకున్నం మేడం. లిఫ్టు ఉంది. మీ కుర్సీ పోయింది."

"కుర్సీ మీద బండిని లేపుతవా మంగ్లూ? లిఫ్టే కావాలె మనకు. పో, పని చూసుకో."

అతను పోలేదు. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది. మేడం గారు తమ కొంగు ఇచ్చారు.

మొదటి సర్వీస్ వ్యాన్ మొన్ననే వచ్చింది. ఇంకా తాళం ఎవరి చేతికీ ఇవ్వలేదు. అమ్మవారు చూడకముందు ఎట్లా ఇస్తాము? ఈ ఆదివారం దాన్ని మేడం గారే దంతెవాడకు నడుపుతారు. మేమంతా పాత బళ్లలో వారి వెనక వెళ్తాము. గుడి ముంగిట నిమ్మకాయలు పెట్టి, తమ ఉద్యోగ జీవితంలో చివరి తాళాన్ని వారు మంగ్లూ చేతిలో పెడతారు, అతని ఫోన్‌ను స్వయంగా జతపరుస్తారు. ఆ రోజు ముంబయి పటంలో దంతెవాడ మీద ఇంకో ఎర్ర చుక్క పడుతుంది. ప్రకాష్ గారు దయచేసి దాన్ని దేనికీ లెక్కవేయకూడదు. అది మా మేడం గారిది.

శ్రీమతి జ్ఞానప్రసూన గారూ, వందలాది బళ్లకు మీరు దగ్గరుండి తీయించిన దిష్టి ఏదీ మీ గడప తొక్కకుండుగాక. దంతేశ్వరి అమ్మవారు మీకు పరిపూర్ణ ఆరోగ్యాన్ని, మీ కుటుంబానికి మీ సాంగత్యాన్ని, కోంటా నుంచి తర్లగూడ దాకా ఎవరి బండి ఆగినా ఫోన్ చేసి అడగడానికి మీ గొంతును, నిండు నూరేళ్లూ ప్రసాదించుగాక. ఇంటి దగ్గర పొద్దుపోకపోతే వ్యాన్‌లో ముందు సీటు మీ కోసం ఖాళీగా ఉంచమని మంగ్లూకు చెప్పాను. చెప్పనక్కర్లేదట, ఆ ఒక్క సీటు ప్లాస్టిక్ తొడుగు మాత్రం అతను ఇంకా తీయలేదు.